ఎడమ వైపు వచ్చిన బంతులు

మార్చి 3, ఆదివారం

మూడు–రెండు. ఫైనల్‌కి వచ్చాం. నా గొంతు పోయింది, ఒక చెప్పు కూడా ఎక్కడో పోయింది.

పదకొండేళ్ళ తర్వాత మా రేవు జట్టు ఫైనల్ ఆడబోతోంది. ఎదురుగా ఎవరు? బ్యాంకు జట్టు. ఇంతకన్నా న్యాయమైన ఫైనల్ ఉండదు. ఒక పక్క రోజంతా బరువులెత్తి సాయంత్రం బూట్లు కట్టుకునేవాళ్ళు, ఇంకో పక్క చల్లటి గదుల్లో సంతకాలు పెట్టి కార్లలో మైదానానికి వచ్చేవాళ్ళు. దీన్ని ఉత్త ఆట అని ఎవరైనా అంటే వాళ్ళతో నాకు మాటల్లేవు.

నా అభిప్రాయాలు ముందే రాసి పెడుతున్నాను, తర్వాత ఎవరూ కాదనడానికి లేకుండా. మా ఫార్వర్డ్ గుర్రాన్ని ముందు ఒంటరిగా వదిలేయడం తప్పు. వాడు పరిగెడతాడు సరే, బంతి ఎవరివ్వాలి? మేస్త్రి కెప్టెన్ కాబట్టి అతనికి ఎవరూ చెప్పరు గానీ ఇంకో పది గజాలు ముందుకు జరిగి ఆడాలి. గోదాములో ముఠాని నడిపినట్టు వెనక నిలబడి కేకలేస్తే బ్యాంకు వాళ్ళు వినరు. కార్నర్లు పొట్టిగా కొట్టడం మానాలి.

ఇక బావ. రెండు గోల్స్ వదిలాడు. రెండూ ఎడమ వైపు నుంచే. రెండోది మా అక్క చీపురుతో ఆపగలిగేది. బావ కదల్లేదు. బంతి వలలో పడ్డాక తల తిప్పాడు. పదేళ్ళుగా మా గోలు కాస్తున్న మనిషి.

ఇంటికొచ్చాక అడిగాను, "నిద్రపోయావా బావా?"

"ఎండ కళ్ళలో పడిందిరా."

ఎండ ఆయన వీపు వెనక ఉంది.

మార్చి 4, సోమవారం

ఈ డైరీ కాగితాలు నేను పని చేసే ప్రెస్సులో పాడైన షీట్లు. ఒక వైపు అచ్చు, ఒక వైపు ఖాళీ. ఖాళీ వైపు నాది.

మెషిన్ తాతతో పొద్దున్నే గొడవ. ఫైనల్ కూడా ఒక పోరాటమే అన్నాను. ఆయన రోలర్ తుడుచుకుంటూ, "బంతి లోపల గాలి తప్ప ఏమీ లేదు, కరపత్రం" అన్నాడు. నన్ను అందరూ అలాగే పిలుస్తారు. నాకు అవమానంగా ఏమీ లేదు. నేను చదివిందంతా కరపత్రాల్లోనూ చిన్న పుస్తకాల్లోనే. నా పని మడత. పెద్ద షీటు మీద ఒకటి, నాలుగు, ఐదు, ఎనిమిది పేజీలు ఒక వైపు పడతాయి, రెండు, మూడు, ఆరు, ఏడు రెండో వైపు. మడిచేటప్పుడు నాకు పైకి కనిపించేది మొదటి వైపే. తిప్పి చదువుతూ కూర్చుంటే చెయ్యి వేగం తగ్గుతుంది, చెయ్యి తగ్గితే ఓనర్ దగ్గుతాడు.

"నీకు లోకం సగం తెలుసు. మిగతా సగం లోపలికి మడిచేశావు" అని తాత నవ్వుతాడు. నవ్వనీ. సగం కూడా తెలియనివాళ్ళే ఎక్కువ.

మడత మాత్రం ఆయన దగ్గరే నేర్చుకున్నాను. పై అంచు నువ్వుగింజంత వెనక్కి జరిపి వెదురు బద్దతో నొక్కాలి. అప్పుడు విప్పేవాడి బొటనవేలికి అంచు దానంతట అదే దొరుకుతుంది. అది ఎంత అలవాటైపోయిందంటే ఇంట్లో కరెంటు బిల్లు కూడా అలాగే మడుస్తాను. అక్క రాసిచ్చే సరుకుల చీటీ కూడా. "నా చీటీని కరపత్రం చేశావేంట్రా, కొట్టువాడు చదివి తిరగబడతాడేమో" అంటుంది.

మార్చి 6, బుధవారం

బావ ఎడమ చేతి పక్కన పెట్టిన టీ గ్లాసు తోసేశాడు. ఈ వారంలో మూడోది. అక్క స్టీలు గ్లాసులు తీసింది.

మార్చి 7, గురువారం

రాయాలని లేదు. కానీ రాయాలి.

మధ్యాహ్నం సైకిల్ మీద బిల్లు పుస్తకాలు ఇవ్వడానికి వెళ్తున్నాను. పెద్ద కూడలి దగ్గర సిగ్నల్ పడింది. అవతల పక్క తెల్ల కారు ఆగింది. ఆ కారు ఎవరిదో ఈ ఊళ్ళో ఫుట్‌బాల్ చూసే ప్రతివాడికీ తెలుసు. బ్యాంకు జట్టు సెక్రటరీది. ఎడమ తలుపు తెరుచుకుంది. మా బావ దిగాడు.

సెక్రటరీ కూడా దిగి వచ్చి బావ మోచెయ్యి పట్టుకున్నాడు. ఏదో చెప్పాడు. బావ తల ఊపాడు. ఇద్దరూ చేతులు కలిపారు.

సాయంత్రం అక్క, "ఇవాళ ఎండకి క్రేను మీద మాడిపోయుంటారు" అంది. "అవును, చాలా వేడిగా ఉంది" అన్నాడు బావ. మా అక్క ముందు, అంత మెత్తగా.

మార్చి 8, శుక్రవారం

అడిగేశాను. "నిన్న మధ్యాహ్నం ఎక్కడున్నావు బావా?"

"క్రేను మీద. ఏం?"

"ఊరికే."

నా మొహం వైపు చూడలేదు. నా భుజం పక్కన ఎక్కడో గోడని చూస్తూ జవాబిచ్చాడు. తప్పు చేసినవాడు కళ్ళలోకి చూడలేడు. ఇది నేను మడిచిన ఒక పుస్తకంలో ఐదో పేజీలో ఉంది. డబ్బున్నవాడు ముందు చెయ్యి కలుపుతాడు, తర్వాత ఆ చెయ్యి విడవడు. ఇదీ అక్కడే ఉంది.

అమ్మ పోయినప్పుడు నాకు పన్నెండేళ్ళు. అక్క పెళ్ళయి మూడు నెలలు. నన్ను ఎవరుంచుకోవాలని పెద్దవాళ్ళు మాట్లాడుకుంటుంటే, అవతల గదిలోంచి బావ వచ్చి నా చేతిలో తన పాత గ్లవ్స్ పెట్టి, "రేపు పొద్దున్న ఆరింటికి గ్రౌండ్‌కి రావాలి, మా ఇంటి నుంచైతే దగ్గర" అన్నాడు. అంతే. పెద్దవాళ్ళ మాటలు అయిపోయాయి.

అలాంటి మనిషి. అందుకే ఒళ్ళు ఇంత మండుతోంది.

మార్చి 10, ఆదివారం

ప్రాక్టీసుకి వెళ్ళి కంచె పట్టుకుని చూశాను. బావ ఒక్కసారి కూడా పక్కకి దూకలేదు. నడుం పట్టేసిందట. తన చోట రెండో కీపర్ నిచ్చెనని నిలబెట్టి వెనక నుంచి చెప్తున్నాడు. నిచ్చెన పొడుగు తప్ప వాడి దగ్గర ఇంకేమీ లేదు. చేతులు ఒక ఊళ్ళో, కాళ్ళు ఇంకో ఊళ్ళో.

మేస్త్రి నా పక్కకి వచ్చి, "మీ బావకి ఏమైనా ఒంట్లో బాలేదా?" అన్నాడు.

"నాకేం తెలుసు" అన్నాను. నాకు తెలుసు.

అభిప్రాయం: నిచ్చెన గోల్లో నిలబడితే నాలుగు గోల్స్ తేడాతో పోతాం. బ్యాంకు వాళ్ళకి కావాల్సిందీ అదే. వాళ్ళ తొమ్మిదో నంబరు ఎడమకాలు ఒక్కడు చాలు.

మార్చి 11, సోమవారం

ఓనర్ భోజనానికి, తాత మందుల షాపుకి వెళ్ళినప్పుడు చిన్న మెషిన్ మీద నేనే వేశాను. మూడు వందలు. ఒక వైపే. రెండో వైపుకి వ్యవధి లేదు, చెప్పడానికి ఇంకేమీ లేదు కూడా.

"రేవు కార్మికులారా. సెమీఫైనల్లో ఎడమ వైపు వచ్చిన రెండు బంతుల్ని మన గోల్‌కీపర్ చూస్తూ నిలబడ్డాడు. గురువారం పని ఎగ్గొట్టి బ్యాంకు జట్టు సెక్రటరీ కారులో తిరిగాడు. మీ చెమటకి ఎవరు ధర కట్టారు? ఆదివారం ఏదో ఒక వంక చెప్పి అతను తప్పుకుంటే, బేరం కుదిరిందని తెలుసుకోండి. ఇట్లు, నిజమైన అభిమాని."

చివరి వాక్యం బాగా వచ్చింది. తప్పించుకునే దారి లేదు.

మార్చి 12, మంగళవారం

పొద్దున షిఫ్ట్ మారే ముందే రేవు గేటు దగ్గర సైకిల్ స్టాండులో, ప్రతి సీటు మీదా ఒకటి పెట్టి వచ్చాను.

సాయంత్రం నేను వచ్చేసరికి బావ వంటింటి బల్ల దగ్గర ఉన్నాడు. అక్క కింది అంతస్తులో కుట్టుమిషన్ దగ్గర. బల్ల మీద ఆ కాగితం, మడత విప్పకుండా. బావ బొటనవేలు దాని అంచు మీద అటూ ఇటూ తిరుగుతోంది.

"గేటు దగ్గర అందరి చేతుల్లో ఇదే. కాస్త చదివి పెట్టరా. నాకు కళ్ళు మంటగా ఉన్నాయి."

"నువ్వే చదువుకో."

"చదువురా. నీకు అలవాటేగా."

చదివాను. మొదటి అక్షరం నుంచి "నిజమైన అభిమాని" దాకా. గొంతు ఒక్క చోట కూడా వణకనివ్వలేదు. నా కాగితం నేనెందుకు దాచుకోవాలి? తను సిగ్గుపడాలి గానీ.

బావ చెయ్యి చాచి కాగితం వెనక్కి తీసుకోబోయి ఆగాడు. తర్వాత, "చివరి ముక్క ఇంకోసారి చదువు" అన్నాడు.

చదివాను. "ఆదివారం ఏదో ఒక వంక చెప్పి అతను తప్పుకుంటే."

"బాగా రాశాడు" అన్నాడు బావ. కాగితాన్ని అవే మడతల మీద మళ్ళీ మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. లేచి వెళ్తూ గుమ్మానికి ఎడమ భుజం కొట్టుకున్నాడు.

మార్చి 13, బుధవారం

నా కాగితం పని చేసింది.

బావ ఆడుతున్నాడు. మేస్త్రి ఇంటికొచ్చి, "ఎవడో పనిలేనివాడు రాశాడు, నువ్వు మనసులో పెట్టుకోకు. ఒంట్లో బాలేకపోతే చెప్పు, నిచ్చెన ఉన్నాడు" అన్నాడు. బావ, "నాకేమైంది? ఆడతాను" అన్నాడు. ఆ మాట మేస్త్రితో అన్నాడు గానీ, మొహం నేను కూర్చున్న వైపు తిప్పి అన్నాడు.

నాలుగు వాక్యాలు ఒక మనిషిని వెనక్కి తీసుకొచ్చాయి. పుస్తకాల్లో అబద్ధం రాయరు.

మార్చి 14, గురువారం

బావ ఎవరితోనో ఫోన్లో: "ఇవాళ రాలేను సార్. సోమవారం. తప్పకుండా సోమవారం." నన్ను చూసి పెట్టేశాడు.

బేరం రద్దు చేసుకుంటున్నాడు. మంచిది.

మార్చి 15, శుక్రవారం

అక్క: "మీ బావని నువ్వేమైనా అన్నావా? మనిషి మనిషిలా లేడు."

"నేనేమంటాను?"

మార్చి 16, శనివారం

రేపు. తుది అభిప్రాయాలు: రెండు–ఒకటి, మనదే. గుర్రం ఒకటి, మేస్త్రి పెనాల్టీ ఒకటి. ఎడమకాలుని కట్టెయ్యడానికి ఇద్దరు కావాలి. మొదటి పావుగంట గోల్ పడకుండా కాస్తే చాలు, బ్యాంకు వాళ్ళకి ఓపిక లేదు. మబ్బుగా ఉంటే మనకి మంచిది.

అక్క బావ జెర్సీకి కొత్త నంబరు కుట్టింది. పాతది వెలిసిపోయింది. బావ గ్లవ్స్ తడి గుడ్డతో తుడుస్తూ, "రేపు ఏ గోలు వెనక కూర్చుంటావు?" అని అడిగాడు నన్ను.

"నీ వెనకే. ఎప్పుడైనా ఇంకో చోట కూర్చున్నానా?"

"అయితే ఎడమ పక్కన కూర్చో. అటు నుంచి ఎవడైనా వస్తుంటే అరువు."

అరుస్తానన్నాను. నవ్వుకున్నాం. వారం తర్వాత ఇంట్లో నవ్వు. నేను క్షమించేశాను.

మార్చి 17, ఆదివారం

గెలిచాం. ఒకటి–సున్నా.

మార్చి 18, సోమవారం

కంటి ఆసుపత్రి వరండాలో రాస్తున్నాను. బావ లోపల ఉన్నాడు. ప్రెస్సుకి వెళ్ళలేదు.

నిన్న ఆట మొత్తం బావ తలని పక్షిలా పక్కకి తిప్పి నిలబడ్డాడు, కుడి కన్ను ముందుకి పెట్టి. నేను ఎడమ పోస్టు వెనక నుంచి "బావా ఎడమ, బావా ఎడమ" అని అరుస్తూనే ఉన్నాను. అరిచిన ప్రతిసారీ దూకాడు. ఏడు బంతులు ఆపాడు. ఇంకా రెండు నిమిషాలు ఉందనగా ఎడమకాలు ఒక్కడే దూసుకొచ్చాడు. నేను అరిచాను. బావ వాడి కాళ్ళ మీద పడి బంతిని పొట్టలో దాచుకున్నాడు. వాడి మోకాలు బావ మొహానికి తగిలింది. విజిల్ పడింది. అందరూ బావని భుజాల మీద ఎత్తుకున్నారు. కప్పు అందిస్తే చెయ్యి గాల్లో వెతికింది.

నేను కింద గెంతుతున్నాను.

పొద్దున ఇక్కడికి వచ్చేసరికి అక్క పక్కన బెంచీ మీద బ్యాంకు జట్టు సెక్రటరీ కూర్చుని ఉన్నాడు. "ఈయన ఇక్కడెందుకు?" అన్నాను.

"కూర్చోరా" అంది అక్క. ఆ గొంతు అమ్మ పోయిన రోజు విన్నాను.

సెక్రటరీ చెప్పాడు. పెద్దాయన, మాటలు వెతుక్కుంటూ చెప్పాడు. "సెమీఫైనల్ గ్యాలరీలోంచి చూశాను బాబూ. రెండు బంతులూ ఎడమ నుంచే వచ్చాయి, ఆయనకి కనపడనే లేదు. మా అమ్మకీ ఇలాగే మొదలైంది, పక్క నుంచి తెర దించినట్టు. అందుకే వెతికి పట్టుకుని ఈ ఆసుపత్రికి తీసుకొచ్చాను. కంటి వెనక పొర ఊడుతోందన్నారు. గురువారం, పద్నాలుగున ఆపరేషన్ పెట్టారు. దూకకూడదు, దెబ్బ తగలకూడదు, సమయానికి చేస్తే కన్ను నిలుస్తుందన్నారు. సరేనన్నాడు. బుధవారం జట్టుకి చెప్పేసి గ్లవ్స్ ఆ పొడుగబ్బాయికి ఇచ్చేస్తానన్నాడు. మరి ఎందుకు మనసు మార్చుకున్నాడో."

"నాకు ఒక్క ముక్క చెప్పలేదు" అంది అక్క. "కంగారు పడతానని."

నేను అడిగాను. ఎందుకు అడిగానో తెలియదు. "మీ జట్టు వాళ్ళకి ఈ సంగతి తెలుసా?"

ఆయన నన్ను వింతగా చూశాడు. "ఎలా చెప్తాను? చెప్తే అందరూ ఎడమ వైపే కొట్టేవాళ్ళు కదా."

మార్చి 19, మంగళవారం

నేను రాయకపోయినా బావ ఆడేవాడే. పదకొండేళ్ళ తర్వాత ఫైనల్. ఏ కీపర్ వదులుకుంటాడు?

మార్చి 20, బుధవారం

నేను రాయకపోయినా ఆడేవాడే.

మార్చి 21, గురువారం

బుధవారం గ్లవ్స్ ఇచ్చేస్తానన్నాడు. నేను మంగళవారం పంచాను.

మార్చి 23, శనివారం

ఆపరేషన్ తర్వాత బావని బోర్లా పడుకోబెట్టారు. రోజంతా మొహం నేలకేసి ఉండాలట. మాట్లాడాలంటే మంచం పక్కన నేల మీద కూర్చోవాలి. అక్క బట్టలు తేవడానికి ఇంటికి వెళ్ళింది. నేను కూర్చున్నాను. ఆయనకి నా కాళ్ళు మాత్రమే కనిపిస్తాయి, అదీ ఒక కంటికి.

"చెప్పు కొత్తది కొన్నావా?" అన్నాడు.

"ఊఁ."

"రెండూ కొన్నావా, పోయిన కాలికేనా?"

నవ్వు రాలేదు. "బావా, ఆ కాగితం."

"తెలుసురా."

"ఎప్పుడు తెలుసు?"

"చేతిలోకి తీసుకోగానే. మన ఇంటి కరెంటు బిల్లుకి ఉన్న అంచే దానికీ ఉంది. కన్ను పోతున్నా వేలు బాగానే ఉందిగా."

"మరి నాతో ఎందుకు చదివించావు?"

నర్సు వచ్చి మందు సీసా మార్చి వెళ్ళింది.

"మధ్యలో ఎక్కడైనా ఆగుతావేమో అనుకున్నా" అన్నాడు.

"ఆగలేదు."

"లేదు. స్పష్టంగా చదివావు. మంచి గొంతు నీది. ఆదివారం కూడా ఆ గొంతు పట్టుకునే దూకాను."

"అప్పుడే నన్ను నాలుగు తన్ని నిజం చెప్పొచ్చు కదా బావా."

"చెప్తే నువ్వు నమ్మేవాడివే. గేటు దగ్గర మూడు వందల మందికి ఎవరు చెప్తారు? కన్ను బాలేదంటే, వంక చెప్తాడని ముందే రాశారుగా, అనేవాళ్ళు." ఊపిరి తీసుకున్నాడు. "మీ అక్కకి మాత్రం చెప్పకు. దానికి ఉన్నది ఒక్క తమ్ముడు."

నేను ఆయన మంచం కింద చెయ్యి పెట్టాను. ఆయన తన చెయ్యి కిందకి జార్చి నా చేతిని వెతికాడు. వెంటనే దొరకలేదు.

మార్చి 28, గురువారం

ఎడమ కంటికి చూపు రాదు. ఇవాళ డాక్టర్ చెప్పాడు. ఆ పద్నాలుగునే చేసి ఉంటే అని మొదలుపెట్టి, అక్క మొహం చూసి ఆపేశాడు.

క్రేను మీదకి ఇక పంపరు. ఒక కంటితో దూరం తెలియదు, పైన వేలాడే బరువు కింద మనుషులు ఉంటారు. గేటు దగ్గర కుర్చీ ఇస్తామన్నారు. ఆ సైకిల్ స్టాండు ఎదురుగా.

ఏప్రిల్ 1, సోమవారం

మిగిలిపోయిన కాగితాలు నలభై దాకా నా పెట్టె అడుగున ఉన్నాయి. ప్రెస్సుకి తీసుకెళ్ళాను. తాత చేతిలో ఒకటి పెట్టాను. చదివి, కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ చదివాడు.

"రెండో వైపు ఖాళీగా ఉందే" అన్నాడు.

"అందుకే తెచ్చాను."

రెండో వైపుకి నేను రాసింది పెద్దదేమీ కాదు. ఆసుపత్రి, తేదీలు, సెక్రటరీ అన్న మాట, ఇది రాసింది ఎవరు అన్నది. అడుగున నా పూర్తి పేరు. తాత మెషిన్ తనే తిప్పాడు, ఓనర్ అక్కడే ఉండగా. ఓనర్ దగ్గలేదు.

సాయంత్రం గేటు దగ్గర ఒక్కొక్కరి చేతికీ ఇచ్చాను. సీట్ల మీద పెట్టలేదు. గుర్రం చదివి నా కాళ్ళ ముందు ఉమ్మాడు. మేస్త్రి రెండు వైపులా చదివి, మడిచి జేబులో పెట్టుకుని, "ఇది ముందు రావాల్సింది, కరపత్రం" అన్నాడు. అరిచి ఉంటే బాగుండేది.

బావ వద్దన్నాడు. కానీ గేటు దగ్గర అందరికీ తెలిసి అక్కకి మాత్రమే తెలియకుండా ఎలా ఉంటుంది? ఇంటికొచ్చి ఒకటి అక్కకి ఇచ్చాను. అక్క బొటనవేలితో అంచు పట్టి విప్పింది. నిలబడే చదివింది. తిప్పి చదివింది. అవే మడతల మీద మడిచి, బీరువాలో బావ గ్లవ్స్ కింద పెట్టింది.

తర్వాత నాకు భోజనం పెట్టింది. రోజూ ఎదురుగా కూర్చుంటుంది. ఇవాళ కూర్చోలేదు.

ఏప్రిల్ 14, ఆదివారం

కొత్త సీజన్ జూన్‌లో మొదలవుతుందట. గోల్లో నిచ్చెన నిలబడతాడు. బావ సాయంత్రాలు గ్రౌండ్‌కి వెళ్ళి గోలు వెనక కుర్చీ వేసుకుని వాడికి నేర్పిస్తున్నాడు. కుర్చీ మోసుకెళ్ళేది నేను.

ఇవాళ తిరిగి వస్తుంటే అడిగాడు, "ఏమంటావురా, నిచ్చెన నిలబడగలడా?"

ఎడమ పక్కన నడుస్తున్నాను, ఆయనకి మెట్టు చెప్పడానికి.

"నాకు తెలియదు బావా" అన్నాను.